నాన్న విన్న మాట

బిల్ పాక్స్‌టన్ అనే పేరు మనవాళ్లలో చాలామందికి తెలియకపోవచ్చు గానీ, మొహం చూస్తే గుర్తుపడతారు. 1997 నాటి 'టైటానిక్'లో సముద్రం అడుగున వజ్రాలహారం కోసం వెతుకుతూ ముసలావిడ చేత కథంతా చెప్పించుకునే ఆసామి ఆయనే. టెక్సాస్ మనిషి, ఫోర్ట్‌వర్త్‌లో పుట్టాడు. 1963 నవంబర్ 22 పొద్దున ప్రెసిడెంట్ కెన్నెడీ ఫోర్ట్‌వర్త్ హోటల్లోంచి బయటికి వచ్చినప్పుడు, చూడ్డానికి చేరిన గుంపులో ఎనిమిదేళ్ల పాక్స్‌టన్ కూడా ఉన్నాడు. ఆ మధ్యాహ్నమే డాలస్‌లో ఏం జరిగిందో మీకు తెలుసు. 2017లో గుండె ఆపరేషన్ తర్వాత, అరవై ఒక్క ఏళ్లకి పోయాడు.

ఇంత పరిచయం ఎందుకంటే, ఈ పాక్స్‌టన్ డైరెక్టరుగా తీసిన మొదటి సినిమా గురించి, ఆ సినిమా వెనకున్న రెండు వందల ఏళ్ల చరిత్ర గురించి రాయాలని చాలాకాలంగా ఉంది. సినిమా పేరు 'ఫ్రెయిల్టీ'. దౌర్బల్యం అనుకోండి. 2001 చివర్లో టెక్సాస్‌లోని ఒక ఫిల్మ్ ఫెస్టివల్లో మొదట వేశారు, 2002 ఏప్రిల్లో దేశమంతా విడుదలైంది. కథ రాసింది బ్రెంట్ హాన్లీ. కెమెరా బిల్ బట్లర్, 'జాస్' తీసినాయన. తండ్రి వేషం పాక్స్‌టనే వేశాడు. ఎమ్మెస్ చదివే రోజుల్లో ఆర్లింగ్టన్ అపార్ట్‌మెంట్లో నలుగురు కుర్రాళ్లం దీన్ని డీవీడీలో చూశాం. దెయ్యాల సినిమా అని తెచ్చుకున్నాం. అయిపోయాక ఎవరూ మాట్లాడలేదు. ఒకడు లేచి హాల్లో లైటు వేశాడు, అంతే.

సినిమా చూడాలనుకునేవాళ్లు ఉంటే ఇక్కడ ఆపి, చూసొచ్చి చదవండి. చివర దాకా చెప్పకుండా ఈ వ్యాసం రాయడం నావల్ల కాదు.

1979. టెక్సాస్‌లో ఒక చిన్న ఊరు. తండ్రి కార్ల మెకానిక్. భార్య చనిపోయింది. ఇద్దరు మగపిల్లలు. పెద్దవాడు ఫెంటన్, చిన్నవాడు ఆడమ్. తండ్రికి సినిమాలో పేరు లేదు, 'డాడ్' అంతే. మంచివాడు. పిల్లలతో నవ్వుతాడు, వాళ్లకి వండి పెడతాడు, హోంవర్క్ అయిందా అని అడుగుతాడు. ఒక రాత్రి పిల్లల్ని నిద్ర లేపి చెబుతాడు: నాకు దేవదూత కనిపించింది, లోకం అంతానికొచ్చింది, మనుషుల రూపంలో దెయ్యాలు తిరుగుతున్నాయి, వాటిని నాశనం చేసే పని మన కుటుంబానికి అప్పగించారు. తర్వాత ఆయుధాలు దొరుకుతాయి. ఒక గొడ్డలి, ఒక జత చేతి తొడుగులు, ఒక ఇనప గొట్టం. ఆ తర్వాత పేర్ల జాబితా వస్తుంది. మొదటి పేరు ఒక నర్సుది. ఆవిణ్ణి కట్టేసి ఇంటికి తెస్తాడు.

చిన్నవాడు నాన్న చెప్పింది నమ్ముతాడు, తనకీ కనిపిస్తోందంటాడు. పెద్దవాడు నమ్మడు. నాన్నకి పిచ్చెక్కిందని వాడికి అర్థమైంది. కానీ ఎవరితో చెప్పాలి? ఇల్లు దాటి చెబితే నాన్నని తీసుకుపోతారు. తల్లి లేదు. ఉన్నది ఆ నాన్న ఒక్కడే. ఈ సినిమాలో భయమంతా ఇక్కడే ఉంది. రక్తం దాదాపు చూపించరు. గొడ్డలి పైకి లేవడం కనిపిస్తుంది, తర్వాత పిల్లవాడి మొహం కనిపిస్తుంది.

ఫెంటన్ చివరికి పరిగెత్తుకెళ్లి షెరీఫ్‌తో చెబుతాడు. షెరీఫ్ వచ్చి చూస్తాడు, పిల్లవాడి మాట పూర్తిగా నమ్మడు, వెళ్లిపోబోతుంటాడు. తండ్రి ఆయన్ని చంపుతాడు. చంపి ఏడుస్తాడు. ఎందుకంటే అతని లెక్కలో అంతకు ముందు చంపినవాళ్లు మనుషులు కారు. ఇతను మనిషి. నీ మూలంగా నాచేత హత్య చేయించావు అని కొడుకుని నిందిస్తాడు. నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా నిజమైన సీను ఇదే అనిపిస్తుంది. పిచ్చిలోనూ ఒక తర్కం ఉంటుంది, అది తనలో తను తప్పకుండా నడుస్తుంది. మా వృత్తిలో దీన్ని రోజూ చూస్తాం. ప్రోగ్రాములో ఒక్క లైను తప్పున్నా, మిగతా వెయ్యి లైన్లూ ఆ తప్పుకి విధేయంగా, ఎక్కడా తడబడకుండా పనిచేస్తూనే ఉంటాయి.

కథాకాలం 1979 కావడం ఊరికే జరిగిందని నేననుకోను. దానికి ముందటేడు, 1978 నవంబర్‌లో, గయానా అడవుల్లో జిమ్ జోన్స్ అనే అమెరికన్ ప్రవక్తని నమ్మి తొమ్మిది వందల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో తల్లుల చేతులమీదుగా విషం తాగిన పసిపిల్లలున్నారు. ఆ దశాబ్దం మొత్తం ఇక్కడ లోకాంతం గురించిన పుస్తకాలు విపరీతంగా అమ్ముడుపోయాయి. 1970లో వచ్చిన హాల్ లిండ్సే పుస్తకం 'ద లేట్ గ్రేట్ ప్లానెట్ ఎర్త్' లక్షలకు లక్షలు పోయింది. అంటే ఆ మెకానిక్ మాటలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆ గాలిలో ఉన్నవే.

ఆ గాలి ఇంకా పాతది. 1781 డిసెంబర్‌లో న్యూయార్క్ రాష్ట్రంలో టామ్‌హానక్ అనే పల్లెలో జేమ్స్ యేట్స్ అనే రైతు తన భార్యని, నలుగురు పిల్లల్ని చంపాడు. ఆదివారం బైబిలు చదువుతూ కూర్చున్నవాడికి ఒక ఆత్మ కనిపించి, నీ విగ్రహాలన్నిటినీ ధ్వంసం చెయ్యమందట. విగ్రహాలంటే దేవుడికి అడ్డొచ్చే ప్రేమలన్నీ అని అతనికి అర్థమైంది. ముందు బైబిలునే పొయ్యిలో వేశాడు. తర్వాత పశువులు. తర్వాత ఇంట్లోవాళ్లు. ఈ ఉదంతాన్ని 1796లో న్యూయార్క్‌లో ఒక వారపత్రిక అచ్చు వేసింది.

రెండేళ్లకి, 1798లో, ఫిలడెల్ఫియావాడు చార్ల్స్ బ్రాక్‌డెన్ బ్రౌన్ 'వీలండ్' అనే నవల రాశాడు. అమెరికా సాహిత్యంలో తొలి భయానక నవలల్లో చెప్పుకోదగ్గది. అందులో థియొడోర్ వీలండ్ చదువుకున్నవాడు, ఆలోచనాపరుడు. దేవుడి గొంతు విని భార్యాపిల్లల్ని చంపుతాడు. ఊళ్లో కార్విన్ అని గొంతులు మార్చి ఎక్కణ్ణించో మాట్లాడినట్టు వినిపించగలవాడు ఒకడుంటాడు. కొన్ని గొంతులు తనవే అని వాడు ఒప్పుకుంటాడు, చంపమన్న గొంతు మాత్రం తనది కాదంటాడు. అయితే ఎవరిది? నవల చెప్పదు. కథ చెప్పేది వీలండ్ చెల్లెలు క్లారా, అన్న చేతిలో చావు తప్పించుకున్న మనిషి. అంటే అమెరికా నవల నడక నేర్చుకుంటున్న రోజుల్లోనే, దేశానికి రాజ్యాంగం వచ్చి పట్టుమని పదేళ్లయినా కాలేదు, ఈ ప్రశ్న వచ్చి కూర్చుంది. ఎవరికి వాళ్లు బైబిలు చదువుకుని, ఎవరికి వాళ్లు దేవుడితో నేరుగా మాట్లాడుకునే స్వేచ్ఛ ఇచ్చాక, ఒకడికి దేవుడు ఇలా చెప్పాడని వస్తే ఏమనాలి?

సరిగ్గా అదే 1798లో, అట్లాంటిక్ అవతల జర్మనీలో ముసలి కాంట్ ఒక పుస్తకం వేశాడు. విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రానికీ మతశాస్త్రానికీ ఉన్న తగవు గురించి. అందులో ఒకచోట అబ్రాహాము ప్రస్తావన వస్తుంది. కొడుకుని బలివ్వమని పైనించి గొంతు వినిపించినప్పుడు అబ్రాహాము ఏమని ఉండాల్సింది? నా కొడుకుని చంపకూడదన్నది నాకు నిశ్చయంగా తెలుసు, కానీ మాట్లాడుతున్న నువ్వు దేవుడివేనన్నది నాకు నిశ్చయంగా తెలియదు, ఎప్పటికీ తెలియదు కూడా. కాంట్ వాదన సారం ఇది. బ్రౌన్‌కి కాంట్ తెలియడు, కాంట్‌కి బ్రౌన్ తెలియడు. ఒకే ఏడు ఇద్దరూ ఒకే గుమ్మం ముందు నిలబడ్డారు.

ఇంకో తమాషా. 1843లో ఇంగ్లండులో మెక్‌నాటెన్ కేసు తర్వాత న్యాయమూర్తులు పిచ్చికీ శిక్షకీ ఒక సూత్రం రాశారు. చేసే పని ఏమిటో, లేదా అది తప్పని, మనోవ్యాధి వల్ల తెలుసుకోలేని స్థితిలో ఉన్నవాడు నేరస్థుడు కాడు. మన దేశానికి 1860లో శిక్షాస్మృతి రాసినప్పుడు ఇదే 84వ సెక్షన్‌గా వచ్చింది. 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్‌గా ఉంది. అదే 1843లో డెన్మార్క్‌లో కీర్కెగార్ 'భయము, వణుకు' అనే అర్థం వచ్చే పేరుతో అబ్రాహాము మీదే ఒక పుస్తకం తెచ్చాడు. కాంట్ కాదన్నదాన్ని ఆయన నెత్తిన పెట్టుకున్నాడు. నీతికి పైన విశ్వాసం అన్నాడు. అయితే ఆయన నిజాయితీపరుడు. ఇది విని ఇంటికెళ్లి ఎవడైనా అబ్రాహాములా చేస్తే ఏమిటి గతి అన్న ప్రశ్న ఆయనే వేసుకున్నాడు.

ఇంటికెళ్లి చేసినవాడు ఉన్నాడు. 1879 మే 1. మసాచుసెట్స్‌లో కేప్‌కాడ్ దగ్గర పొకాసెట్ అనే పల్లె. చార్ల్స్ ఫ్రీమన్ అనే రైతు. 1844 అక్టోబర్ 22న క్రీస్తు తిరిగొస్తాడని విలియం మిల్లర్ అనే ఆయన చెబితే వేలమంది ఎదురుచూశారు. ఆయన రాలేదు. ఆ నిరాశ తర్వాత మిగిలినవాళ్లలోంచి రకరకాల సంఘాలు పుట్టాయి. అలాంటి ఒక గుంపులో వాడు ఫ్రీమన్. దేవుడు బలి అడిగాడనీ, తన చేయి పైకెత్తాక మధ్యలో ఆపుతాడనీ నమ్మాడు. ఆపకపోయినా మూడో రోజున పిల్ల లేస్తుందనుకున్నాడు. చిన్నకూతురు ఈడిత్ నిద్రపోతోంది. భార్యకి తెలుసు.

మర్నాడు ఫ్రీమన్ తన గుంపువాళ్లని ఇంటికి పిలిచి చేసిన పని చెప్పాడు. వాళ్లలో ఎవరూ పోలీసుల దగ్గరికి పరిగెత్తలేదు. మూడో రోజు కోసం చూశారు. నాకు ఫ్రీమన్ కంటే ఈ గుంపు ఎక్కువ భయం వేస్తుంది. ఒకడి బుర్ర చెడితే అది జబ్బు. ఒక గదినిండా మనుషులు తలూపితే దాన్నేమనాలి? మూడో రోజు వచ్చింది, పిల్ల లేవలేదు, పాతిపెట్టారు. ఫ్రీమన్‌ని డాన్వర్స్ పిచ్చాసుపత్రికి పంపారు. కొన్నేళ్లకి నయమైందని వదిలేశారు కూడా.

ఇక 1915. న్యూయార్క్ హైకోర్టులో, అంటే అక్కడి అప్పీల్సు కోర్టులో, జడ్జి కార్డోజో ముందుకి హాన్స్ ష్మిట్ కేసు వచ్చింది. ఇతను కాథలిక్ ఫాదరీ. ఒక యువతిని చంపి, దేవుడు చెప్పాడన్నాడు. జూరీ నమ్మలేదు. అప్పీలులో మాట మార్చి, అదంతా నేను కల్పించిందే, అసలు జరిగింది వేరు, మళ్లీ విచారించండన్నాడు. కోర్టు కుదరదంది. 1916లో ఎలెక్ట్రిక్ కుర్చీలో శిక్ష అమలయింది. కానీ ఆ తీర్పులో కార్డోజో ఒక మాట చెప్పి వెళ్లాడు. ప్రాణంగా పెంచుకున్న బిడ్డని ఒక తల్లి నిజంగా దేవుడి ఆజ్ఞ అన్న భ్రమలో చంపిందనుకోండి. చట్టం దృష్టిలో నేరమని ఆమెకి తెలిసి ఉండొచ్చు. కానీ అది తప్పని ఆమెకి తెలుసు అనడం మాటలకి అర్థం లేకుండా చెయ్యడమే. దేవుడే చెప్పాక తప్పెలా అవుతుంది ఆమెకి? అప్పటి నుంచీ అమెరికా కోర్టుల్లో దైవాజ్ఞ వాదం అని ఒకటి స్థిరపడింది. విచిత్రం చూడండి. అబద్ధమాడిన ఫాదరీ కేసులోంచి, నిజంగా నమ్మిన తల్లులకి రక్షణ పుట్టింది.

'ఫ్రెయిల్టీ' థియేటర్లలోకి రావడానికి నెల ముందు, 2002 మార్చిలో, హ్యూస్టన్‌లో అయిదుగురు బిడ్డల్ని నీళ్లలో ముంచి చంపిన తల్లికి జూరీ హత్యానేరం ఖాయం చేసింది. పిల్లల్ని సైతాను నుంచి కాపాడటానికే చేశానని ఆమె డాక్టర్లకి చెప్పుకుంది. 2005లో ఆ తీర్పు కొట్టేశారు. 2006లో రెండో జూరీ మతిస్థిమితం లేని కారణంగా నిర్దోషి అంది. అదే ఊరు, అదే మనిషి, అదే పని. నాలుగేళ్లలో పన్నెండుమంది అవునన్నారు, ఇంకో పన్నెండుమంది కాదన్నారు.

ఇదంతా వీళ్ల గొడవ, ఆ బైబిలు, ఆ సైతాను, మనకేమిటి అని మీరనుకుంటే, కాస్త ఆగండి. మనకి చిరుతొండనంబి ఉన్నాడు.

తమిళుల పెరియపురాణంలో సిరుత్తొండనాయనారు. వాతాపిని కొల్లగొట్టిన పల్లవ సేనాని అని చెబుతారు, అంటే ఏడో శతాబ్దం. మనకి ఆ కథ పాల్కురికి సోమన్న బసవపురాణంలో ఉంది, శ్రీనాథుడి హరవిలాసంలో ఇంకా విస్తారంగా ఉంది. శివుడు జంగమ వేషంలో వచ్చి నరమాంసం అడుగుతాడు. అదీ ఒక్కగానొక్క కొడుకుది, తల్లీ తండ్రీ కలిసి, కన్నీరు పెట్టకుండా వండాలి. వాళ్లు వండుతారు. విస్తట్లో వడ్డించాక అతిథి, మీ అబ్బాయిని పిలవండి, పక్కన లేకపోతే తిననంటాడు. తండ్రి గుమ్మంలో నిలబడి లేని కొడుకుని పేరు పెట్టి పిలుస్తాడు. బళ్లోంచి వస్తున్నట్టు సిరియాళుడు పరిగెత్తుకుంటూ వస్తాడు.

చిన్నప్పుడు హరికథలో ఈ ఘట్టం విని ఏడవని ఆడవాళ్లని నేను చూడలేదు. మగవాళ్లు కండువాతో మొహం తుడుచుకునేవాళ్లు. అందమైన కథ. హరిదాసుగారు సిరియాళా అని పిలిచినప్పుడు నాకూ గుండె జారింది, కాదనను. కానీ ఇప్పుడు ఆలోచిస్తే, ఆ ఏడుపుకి ఒక హామీ ఉంది. పిల్లవాడు తిరిగొస్తాడని అందరికీ ముందే తెలుసు. మోరీయా కొండమీద కూడా అంతే, పొదలో కొమ్ములు చిక్కుకుని పొట్టేలు సిద్ధంగా ఉంది. బైబిల్లోనే, న్యాయాధిపతుల గ్రంథంలో, యెఫ్తా అనేవాడు మొక్కుకుని కూతుర్ని అర్పిస్తాడు. ఆ పిల్లకి పొట్టేలు రాలేదు. ఆ కథ ఎంతమందికి తెలుసు? ఆదివారం బడిలో ఇస్సాకు బొమ్మకి రంగులు వేయిస్తారు, యెఫ్తా కూతురి బొమ్మకి ఎవరూ వేయించరు. ఆమెకి పేరు కూడా లేదు.

ఫ్రీమన్ ఆ రాత్రి ఎదురుచూసింది పొట్టేలు కోసం. 2021 జనవరిలో మన మదనపల్లెలో ఇద్దరు ఎదిగిన కూతుళ్లు సొంత ఇంట్లో తల్లిదండ్రుల చేతుల్లో పోయినప్పుడు, తెల్లవారితే కొత్త యుగం, పిల్లలు లేచి వస్తారు అని ఆ దంపతులు పోలీసులతో అన్నట్టు పత్రికల్లో వచ్చింది. చదువుకున్నవాళ్లు, చదువు చెప్పేవాళ్లు. ఆ వార్త వచ్చిన రోజు మా ఆఫీసు తెలుగువాళ్లందరి ఫోన్లూ మోగుతూనే ఉన్నాయి. పల్లెటూరి మూఢత్వం అనడానికి వీల్లేకుండా పోయిందని అందరికీ కోపం వచ్చినట్టనిపించింది నాకు.

సత్యజిత్ రాయ్ 1960లో 'దేవి' తీశాడు. ప్రభాత్‌కుమార్ ముఖోపాధ్యాయ కథ, ఆ ఆలోచన ఇచ్చింది టాగోర్. పందొమ్మిదో శతాబ్దపు బెంగాల్ జమీందారుకి కల వస్తుంది, చిన్నకోడలు సాక్షాత్తూ కాళి అని. పొద్దున్నే లేచి ఆ పిల్ల కాళ్లమీద పడతాడు. పదిహేనేళ్లు నిండీ నిండని షర్మిలా టాగోర్, పూలదండల మధ్య కూర్చోలేక సొమ్మసిల్లుతుంది. చివరికి ఇంట్లో పసివాడికి జబ్బు చేస్తే డాక్టరు దగ్గరికి కాదు, దేవి ఒళ్లోకి చేరుస్తారు. పిల్లవాడు పోతాడు. దాన్ని ఎవరూ హారర్ సినిమా అనరు. నేనంటాను. గొడ్డలి లేకపోవడం ఒక్కటే తేడా. రాయ్ గొప్పతనం ఏమిటంటే, ఆ జమీందారు దుర్మార్గుడు కాడు, కోడలంటే ప్రాణం. పాక్స్‌టన్ కూడా తండ్రిని అలాగే పోషించాడు. కళ్లు ఉరిమి కేకలేసే పిచ్చివాడిగా చేసి ఉంటే మనం హాయిగా చూసి మర్చిపోదుం.

మా నాన్న ఆరునెలలు ఉండటానికి వచ్చినప్పుడు, మా అబ్బాయి కాలేజీ సెలవులకి ఇంట్లో ఉండగా, ఈ సినిమా మళ్లీ పెట్టాను. నాన్న ఇంగ్లీషు సినిమాలు కింద అక్షరాలు చదువుకుంటూ చూస్తాడు. పూర్తయ్యాక చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ఆ పెద్ద పిల్లవాడు ఎంత ఒంటరివాడైపోయాడ్రా అన్నాడు. అని తన ఎడమచేతి చొక్కా పైకి మడిచాడు. భుజం కింద గుండ్రటి మచ్చ. మా వాడికి అది ఏమిటో తెలియదు.

మాది పల్నాటి పల్లె. 1957లో పక్క ఊళ్లో అమ్మవారు పోసింది, మశూచి. టీకాలాయన బడికి వచ్చాడు. పంతులుగారు పిల్లలందరినీ వరసలో నిలబెట్టి వేయించారు. నాన్నకి తొమ్మిదేళ్లు. ఇంటికొచ్చాక తాతయ్య బెల్టు తీయలేదు గానీ చెయ్యి చేసుకున్నాడట. అమ్మ తనకి కలలో కనిపించి చెప్పింది, మీ ఇంటిని నేను చూసుకుంటాను, నామీద నమ్మకం లేనివాళ్లే సూది పొడిపించుకుంటారు అని. ఆ మర్నాడు టీకాలాయన ఇళ్లకి తిరిగినప్పుడు తాతయ్య గుమ్మంలోంచే పంపేశాడు. నాన్న తమ్ముడికి నాలుగేళ్లు, బడి ఈడు కాదు. మూడు వారాలకి పోయాడు.

ఇంట్లో ఆరుగురు పెద్దవాళ్లున్నారు. ఎవరూ తాతయ్యని ఒక్క మాట అనలేదు. మా నాయనమ్మ కూడా. అమ్మ పిల్లవాణ్ణి తనలో కలుపుకుంది అని తాతయ్య చెబితే, అందరూ అదే అన్నారు. ఏటా కొలువులు చేశారు. తాతయ్య నాకు బాగా తెలుసు. తాటిముంజలు గోటితో ఒలిచి నా నోట్లో పెట్టినవాడు. ఊళ్లో ఎవరింట్లో చావైనా ముందు వెళ్లి కూర్చునేవాడు. ఆ సూది వేయించుకున్నందుకే అమ్మకి కోపం వచ్చిందేమోనని నాన్న పదిహేనేళ్లు వచ్చేదాకా భయపడ్డాడట. తమ్ముడి చావు తన నెత్తిన వేసుకున్నాడు. ఈ సంగతి యాభై ఏళ్ల నా జీవితానికి దగ్గరపడ్డాక, ఒక టెక్సాస్ సినిమా చూసి, మొదటిసారి చెప్పాడు. మా దేశంలో చివరి మశూచి కేసు 1975లో వచ్చింది. ఆ తర్వాత పుట్టినవాణ్ణి కాబట్టి నా చేతికి ఆ మచ్చ లేదు.

మావాడు, ఇప్పటి కుర్రాడు, సూటిగా అడిగాడు. అయితే డాడీ, అబ్రహాం ఓకే, మీ సిరియాళ ఓకే, ఈ సినిమాలో డాడ్ ఎందుకు ఓకే కాదు? తాతయ్య వాళ్ల నాన్న?

దీనికి జవాబు సినిమా చివర్లో ఉందేమోనని వెతికితే, అక్కడ పాక్స్‌టన్, హాన్లీ కలిసి మన కాళ్లకింద తివాచీ లాగేస్తారు. కథంతా ఎఫ్‌బీఐ ఆఫీసరుకి చెబుతున్నది ఫెంటన్ అని మనం అనుకుంటాం. మాథ్యూ మెకానహే వేషం. కాదు. వాడు ఆడమ్, నమ్మిన తమ్ముడు. పెద్దవాడు తన చేతికిచ్చిన గొడ్డలితో తండ్రినే చంపాడు. పెద్దయ్యాక తనూ హంతకుడయ్యాడు. తండ్రి ముట్టుకున్నప్పుడు చూసిన పాపాలన్నీ నిజమే అని సినిమా వరసగా చూపిస్తుంది. ఆ ఎఫ్‌బీఐ ఆఫీసరు కూడా సొంత తల్లిని చంపినవాడే. దేవుడు నిజంగానే చెప్పాడు. నాన్న చెప్పింది నిజం.

రోజర్ ఈబర్ట్ ఈ సినిమాకి నాలుగు నక్షత్రాలిచ్చాడు. ఈ ముగింపు నచ్చనివాళ్లూ ఉన్నారు. గంటన్నర పాటు ఒక పిల్లవాడి నరకాన్ని మనచేత అనుభవింపజేసి, ఆఖర్న ఆ పిల్లవాడే దెయ్యం అనడం మోసం అని వాళ్ల కోపం. చాలాకాలం నాదీ అదే మాట. ఇప్పుడు వేరేగా కనిపిస్తోంది. పాత కథల్లో పొట్టేలు ఏం చేస్తుందో, ఇక్కడ ఆ రుజువులు అదే చేస్తున్నాయి. చంపినవాళ్లంతా నిజంగా పాపులేనని తేలడమే ఈ సినిమాలో పొట్టేలు. అది రాగానే మనం ఊపిరి పీల్చుకుంటాం, అమ్మయ్య, తండ్రి మంచివాడే అనుకుంటాం. ఆ ఊపిరి పీల్చుకోవడంలోనే పొకాసెట్‌లో తలూపిన గుంపులో మనమూ చేరిపోతాం. పైగా ఆ రుజువులు మనకి చూపిస్తున్నది ఎవరు? కథ చెబుతున్న ఆడమ్. లాగ్ ఫైలు రాసింది ఆ ప్రోగ్రామే అయినప్పుడు, అందులో తప్పులేమీ కనిపించలేదని ఎవరైనా అంటే మేం ఒప్పుకోం. దర్శకుడు ఇంత ఆలోచించి చేశాడా అంటే, కొంత అవును, కొంత నేను కలుపుతున్నాను. కార్విన్ గొంతుల విషయంలో బ్రౌన్ కూడా ఇలాగే తలుపు సగం తెరిచి పెట్టి వెళ్లాడు కదా.

మావాడికి నేను చెప్పింది కాంట్ మాటే, కాస్త తెలుగు చేసి. వాడికి అది చాల్లేదు. మా నాన్న మాత్రం, దేవుడు చెప్పాడా లేదా అన్నది తర్వాత సంగతి, పిల్లవాణ్ణి ఎవరైనా అడిగారా అన్నాడు. ఆయన ఏ పిల్లవాడి గురించి అన్నాడో నేను రెట్టించలేదు.

సినిమా చివరి సీనులో ఆడమ్ ఒక చిన్న ఊరికి షెరీఫ్. పెద్దయ్యాక తన అన్నని కూడా చంపి, తండ్రిని పాతిన గులాబీ తోటలోనే పాతిపెట్టి ఉన్నాడు. ఊళ్లో అందరూ మర్యాదగా చూస్తారు. అదే ఆఫీసులో భార్య పనిచేస్తుంది. నిండు గర్భిణి.